మేనకోడలి పెళ్ళిలో నా తలకాయ

మొన్న మా మేనకోడలు శిరీష పెళ్ళిలో నేను చేసిన ఘనకార్యం మీకింకా ఎవరూ చెప్పలేదా? అయితే టీ చల్లారినా ఫరవాలేదు, ముందిది వినండి. ఆ రోజునించి ఆమదాలవలసలో నా పేరే మారిపోయింది!

అసలీ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టింది. టూరింగ్ టాకీసులో ఇసకమీద కూర్చుని పౌరాణికం చూస్తున్నాం. దేవుడు చెయ్యెత్తాడు, మాయమైపోయాడు! పక్కవాళ్ళంతా దణ్ణాలు పెడుతుంటే, నేనేమో వెనక్కి తిరిగి "ఎలా మాయం చేశారబ్బా" అని ప్రొజెక్టరు వైపు చూస్తున్నాను. పదో క్లాసు తప్పాక ఇంకేముంది, తిన్నగా ఫోటో స్టూడియోలో తేలాను. పెళ్ళి వీడియో క్యాసెట్ల రోజుల్లో తామరపువ్వులో పెళ్ళికూతురి మొహం, కొబ్బరిబోండంలో పెళ్ళికొడుకు మొహం పెట్టింది నేనే. పాలకొండ దాటని జంటల్ని స్విట్జర్లాండ్ మంచులో నడిపించాను, కాళ్ళకి హవాయి చెప్పులున్నా సరే! కంప్యూటర్లొచ్చాక కళ్ళజోడు పెట్టుకుని అదీ నేర్చుకున్నాను. జుట్టు తెల్లబడింది గానీ పిచ్చి మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

ఇంత చేసినా మా బావకి, అంటే మా అప్ప మొగుడికి, నేను "పువ్వుల్లో మొకాలెట్టుకునీవోడినే." సరే, వాళ్ళమ్మాయి పెళ్ళిలోనే, చుట్టాలందరి ముందే చూపిద్దామనుకున్నాను. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేది మేనమామలే కదా! నేనూ, మా తమ్ముడు అప్పన్నా. ఆ గుంట పుట్టినప్పట్నించీ ఆ బుట్ట కోసం కాచుక్కూర్చున్నాను. అలాంటి బుట్టని ఆకాశంలో ఎగరేస్తే ఎలా ఉంటుంది?

పద్ధతి చెప్తాను. కంప్యూటరు ఆకుపచ్చరంగు ఎక్కడ కనబడితే అక్కడ చెరిపేసి, మనం ఇచ్చిన బొమ్మ పెడుతుంది. ఫంక్షన్ హాలు వరండా అంతా పచ్చగుడ్డ కట్టాను. ఎదురుగా మా స్టూడియో కుర్రాడి చేతికి కెమెరా ఇచ్చి, హాల్లో తెరకి కలిపాను. బొమ్మేమో మబ్బులు. మోసేవాళ్ళు కనబడకూడదని మేమిద్దరం కూడా నెత్తినించి కాళ్ళదాకా పచ్చ ముసుగులు తొడిగేశాం.

"అన్నియ్యా, వరిసేలో మిడతల్లాగున్నాం" అన్నాడు అప్పన్న.

"నన్ను పడెయ్యకండి మావా!" అంటూ బుట్టెక్కింది శిరీష.

ఎత్తాం. లోపల పెద్ద ఎల్‌ఈడీ తెరమీద నీలాకాశం, అందులో ఎర్రచీర కట్టుకున్న మా పిల్ల, దానంతటదే తేలుతున్న బుట్ట! ఈలలు, చప్పట్లు వరండాలోకి వినబడుతున్నాయి. ముసుగులో నా ఛాతీ ఉబ్బిపోయింది.

అంతలో చప్పట్లు ఆగిపోయాయి. ఏదో గుసగుస. కండువా జారిపోతూ మా బావ పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే! ఏటి సేసినావు? పెళ్ళికొడుకు నాయనమ్మ లేసి నిలబడిపోనాది! 'మేనమావలు మొయ్యని పిల్లేటి? అలిగి రాలేదేటి? ముందా సంగతి తేల్చండి' అంతన్నాది!"

మేనమామ అలిగాడంటే మగపెళ్ళివారికి ఇంకేం కావాలి! మా అప్ప తలెత్తుకోగలదా? బుట్ట వదిలి పరిగెత్తలేను కదా! ఒక చేత్తో బుట్ట పట్టుకుని, రెండో చేత్తో మొహంమీద ముసుగు లాగేసి, కెమెరాలోకి చూసి "నేనున్నానండీ! ఇక్కడే ఉన్నాను!" అని అరిచాను.

అరిచాక గుర్తొచ్చింది. ముసుగు తలవరకే తీశాను. ఒంటినిండా పచ్చే!

లోపలేం జరిగిందో తర్వాత మా అప్ప చెప్పింది. మబ్బుల మధ్య పెళ్ళికూతురు. ఆమె పక్కన మీసాలతో, జారిపోతున్న కళ్ళజోడుతో, నోరంతా తెరిచి, మొండెం లేని నా తల. గోడంత! అదే టైముకి బుట్ట ఒరిగింది, శిరీష కెవ్వుమంది.

"ఓలమ్మో! రాహువు! పిల్లని మింగేస్తన్నాడు!" అని పెద్దావిడ కుర్చీలో కూలబడింది. పంతులుగారు మంత్రం మధ్యలో మింగేశారు. పిల్లలు టేబుళ్ళ కింద దూరారు.

మేం బుట్టతో సహా లోపలికి పరుగు. పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచి భుజాలు తడిమింది, పొట్టమీద పొడిచి చూసింది. "మొండెం ఉన్నాదే!" అంది. అని తనే ముందు పకపకా నవ్వేసింది! "నీలాటి మేనమావుంటే ఈ గుంటకి ఏ గ్రహమూ పట్టదు నాయినా" అంది. హాలంతా ఒకటే నవ్వులు. మా అప్ప కళ్ళు తుడుచుకుంది. నాకప్పుడు ఊపిరొచ్చింది.

ముహూర్తం దగ్గరపడిపోయింది. ఆ హడావుడిలో బట్టలు మార్చుకోలేదు, కంప్యూటర్లో ఆ మబ్బులూ ఆపలేదు. ఆపాల్సినవాణ్ణి నేనే కదా! దాంతో వీడియోలో మండపం అరిటాకులు కూడా మబ్బులైపోయాయి. తాళి కట్టేటప్పుడు శిరీష భుజం వెనకాల నా తల ఒక్కటే, అక్షింతలు పడుతుంటే కళ్ళు మూసుకుంటూ తెరుస్తూ!

"ఇన్నాళ్ళకి నీ పనితనం కళ్ళారా సూసేన్రా" అన్నాడు మా బావ.

ఇప్పుడు బుకింగులకి ఫోన్లే ఫోన్లు. పువ్వులో మొహం, ఎగిరే బుట్ట, డ్రోను... అన్నీ ఓపిగ్గా చెప్తాను. అంతా విని చివరికి ఒకటే మాట అడుగుతున్నారు.

"అయన్నీ సరే గానీ రాహుమావా, మరి ఆ తలకాయ కూడా ప్యాకేజీలోనే వస్తాదా?"