ఇంకో చరణం ఉంది

రాఘవయ్య గారి దగ్గర ఏ జబ్బుకైనా ఒకటే మందు: పాట. ఎస్.ఆర్. నగర్‌లో ఆయన నడిపే ఆడపిల్లల హాస్టల్లో తలనొప్పికి పాట, జలుబుకి పాట, పరీక్ష పోతే పాట, పెళ్లిసంబంధం వస్తే మరీ ముఖ్యంగా పాట. “మాత్ర వేసుకుంటారు, పాట వేసుకోరేం?” అనేవారు. మెట్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు మీద స్పీకరు. అదే ఆయన ఆసుపత్రి.

మోతాదు మాత్రం పెద్దది. ఆయన పాట పెడితే అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకా వినపడేది.

“అంకుల్, గీజరు పాడైంది” అంది హైందవి, హాస్టల్లో చేరిన కొత్తలో.

“గ్యాసా? పరగడుపున హుషారు పాట పడదమ్మా. నెమ్మదైనది వేసుకో.”

చరణాలన్నీ అయ్యేదాకా లేవనివ్వలేదు. ఎదురుగా కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ ఆమె మొహంలోకే చూశారు. గీజరు బాగుపడలేదు. చన్నీళ్ల స్నానం మాత్రం ఆ రోజు అంత కష్టమనిపించలేదు. ఆ సంగతి హైందవి ఎవరికీ చెప్పలేదు.

ఆమె అసలు జబ్బు వేరు. కోచింగులో గడగడా చెప్పే పిల్ల, ఇంటర్వ్యూలో సొంత పేరు దగ్గరే ఆగిపోయేది. ఈసారి ఉద్యోగం రాకపోతే తెనాలి వచ్చేయమన్నారు ఇంట్లోవాళ్లు.

పంజాగుట్టలో ఆ ఆఖరి ఇంటర్వ్యూకి బయల్దేరి మెట్లు దిగుతుంటే, ఆమె చేతిలో ఫైలు వణికిపోతోంది. రాఘవయ్య గారు కుర్చీ చూపించి పాట పెట్టారు. పల్లవి అవుతుండగానే ఛార్జింగ్ అయిపోయి స్పీకరు ఆగిపోయింది. ఆయన తాళం ఆగలేదు.

“ఇదిగో, ఈ చోట చూడు, ఎంత హాయో!”

హైందవి బిత్తరపోయి వంటమనిషి పోచమ్మ వైపు చూసింది.

“ఆయనకు పాట యాడ ఇనొస్తది బిడ్డా?” అంది పోచమ్మ, బియ్యం ఏరుతూ. “చెవులు పోయి మస్తు దినాలాయె. మిషన్ పెట్టుకుంటే గుయ్యిమంటదని జేబులేసుకుంటడు. మీ మొకాలు జూస్తడు, గంతే. మీ ఫికర్ పోతేనే ఆయనకు బువ్వ దిగుతది.”

హైందవికి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. ఆ ముసలాయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

ఆయన ఫైలు వైపు చూశారు. అది వణకడం లేదు. “చూశావా, పట్టింది. ఇక వెళ్లు.”

ఇంటర్వ్యూలో పేరు అడగ్గానే హైందవికి ఆ తాళం గుర్తొచ్చింది. నవ్వుతూ పేరు చెప్పింది. మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చారు.

సాయంత్రం గేటు దగ్గర్నుంచే అరిచింది. “అంకుల్, ఉద్యోగం వచ్చింది!”

“ఉబ్బసం వచ్చిందా? అయ్యయ్యో, కూర్చోమ్మా, కూర్చో!”

ఆయన స్పీకరు మీట నొక్కారు. పొద్దున్నుంచి దానికి ఎవరూ ఛార్జింగ్ పెట్టలేదు. ఉద్యోగం సంగతి తర్వాతైనా చెప్పొచ్చనుకుని, హైందవి బుద్ధిగా కూర్చుని ఆయన తాళానికి తల ఊపింది.

కాసేపటికి ఆయన కాస్త అనుమానంగా అడిగారు. “అయిపోయిందా?”

ఆమె ఆయన చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పింది. “ఇంకో చరణం ఉందంకుల్!”