ఉన్న అంకె చెప్పిన వదిన

మా పక్కింటి వదిన పోయింది. కూతురి కాన్పుకని పాతగూడెం వెళ్లిన మనిషి, అక్కడే జ్వరం తగిలి, మళ్లీ మంచం దిగలేదు. కబురు చెప్పింది ఆమె కొడుకు. గోడకు అవతల నిలబడి, "అత్తమ్మా, అమ్మ పోయిందంట" అన్నాడు. నేను బియ్యం చేట కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్లాను. వరస కలుపుకున్నామే తప్ప మాకు చుట్టరికం లేదు. అయినా మహారాష్ట్ర అంచునున్న ఈ సిరొంచలో నాకంటూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

నేను ఇక్కడి మరాఠీ బడిలో టీచరుగా చేశాను. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. నాకు నీటికాసులు జబ్బు, డాక్టర్లు గ్లకోమా అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. సంగతి తెలిసేసరికే నా ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. పోయిన చూపు ఇక రాదు. మిగిలింది దక్కించుకోవడమే నా పని.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట పడవలో నది దాటి, కాళేశ్వరంలో బస్సెక్కి, వరంగల్ వెళ్లి చూపించుకునేదాన్ని. వానకాలంలో పడవలు ఆగిపోతాయని చెబితే అక్కడి డాక్టరు గారు ఒక పరికరం ఇచ్చారు. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. రెప్ప మీద, ముక్కు వైపు మూలన పెట్టి మెల్లగా నొక్కాలి. నొక్కగా నొక్కగా కంట్లో ఒక వెలుగు వలయం మెరుస్తుంది; ఒత్తిడి ఎక్కువగా ఉంటే గట్టిగా నొక్కితే గాని మెరవదు. అది మెరవగానే ఆపితే పెన్ను మీది ముల్లు అక్కడే నిలుస్తుంది, ఆ అంకె చూడాలి. "దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. కానీ ఇరవై దాటిందంటే మాత్రం ఎట్లాగైనా ఆసుపత్రికి వెళ్లండి" అన్నారాయన.

చిక్కల్లా ఆ అంకె దగ్గరే. గీతలు చీమ కాళ్లంత సన్నం. నొక్కిన కన్ను నీళ్లు కారుస్తుంది. భూతద్దం పెట్టినా గీతకూ గీతకూ తేడా తెలియదు. అందుకే గోడ మీదుగా వదినను పిలిచాను. ఆమె పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చేతులు కొంగుకు బాగా తుడుచుకుని, పెన్నును గడప దగ్గరి వెలుతురుకు పట్టి చూసేది. వలయం నాకే కనిపిస్తుంది, అంకె ఆమెకే కనిపిస్తుంది. "కన్ను నీది, లెక్క నాది మరదలా" అనేది.

మొదట్లో ఒకనాడు మా గడప దగ్గర నుంచే, గోడ అవతలున్న కొడుకుని సంబరంగా కేకేసింది. "ఒరేయ్, మీ అత్తమ్మకు ఇయ్యాల ఎక్కువొచ్చిందిరా!" టీచరుకు ఎక్కువ రావడం మంచిదే అనుకుంది పాపం, మార్కుల్లాగా. ఇది ఎంత తక్కువైతే అంత మంచిదని చెప్పాక, నోటి మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, గిదేం పరీక్షనే తల్లీ!" అంది. ఆ తరువాత అంకె చెప్పేటప్పుడు ఎప్పుడూ నవ్వలేదు.

వదిన సత్యహరిశ్చంద్రుడి వంశమేం కాదు. ఎవరింట్లో కూర ఉప్పుకషాయమైనా "మస్తున్నది" అని మళ్లీ వేయించుకునేది. పరీక్ష తప్పిన పిల్లల తల్లులందరికీ వచ్చే ఏడు మీవాడే ఫస్టని చెప్పి పంపేది. నేను చేసిన గారెలు రాళ్లలా ఉంటే "పండ్లు గట్టిపడ్తయ్ తియ్" అని నమిలేది. ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే ఆమె చూడలేకపోయేది.

ఒక వానకాలం, ప్రాణహిత ఒడ్డు మీదికి వచ్చిన రోజుల్లో, వదిన పెన్నును మళ్లీ మళ్లీ వెలుతురుకు పట్టి చూసింది. నాకు అర్థమైంది. పడవలు లేవు, ఇటువైపు చంద్రపూర్ పోయే అడవి దారి వానలకు ఎక్కడ తెగుతుందో తెలియదు. భయంతో నోరు జారాను.

"తక్కువనే చెప్పు వదినె. ఎట్లాగూ పోలేం గదా."

"తక్కువ చెప్తె తక్కువైతదా?" అంది. "ఇర్వై ఎనిమిది. చుక్కల మందు వేస్కుంటనే ఉన్నవు గదా? అయితే రేపు చంద్రపూర్ పోదాం."

"నాట్లు వదిలిపెట్టి ఎట్లొస్తవు?"

"నాట్లు మావోళ్లు ఏస్తరు. కన్ను మల్ల మొలుస్తదా?"

కూలీలు పొలంలో దిగి ఉండగా, ఏడాది తిండి మొత్తం ఆ బురదలో ఉండగా, ఆమె నాతో బయలుదేరింది. ఆలాపల్లి అడవి దారిలో వాగు పొంగి జీపు ఆగిపోయింది. ప్లాస్టిక్ పట్టా కింద ఇద్దరం ఒదిగి కూర్చున్నాం. "జర ఆగు, వాగు తగ్గుతనే ఉన్నది" అని మాటిమాటికీ చెప్పింది. నాకు వినబడే హోరును బట్టి వాగు తగ్గడం లేదు, పెరుగుతోంది. కంటి విషయంలో తప్ప తక్కిన అన్నిటికీ ఆమెది పాత పద్ధతే.

చంద్రపూర్ డాక్టరు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేశాడు. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ కన్నూ దక్కేది కాదన్నాడు, ఇక మీదటా ఒత్తిడి చూసుకుంటూనే ఉండమన్నాడు. కట్టు విప్పాక వదిన నా ఎదురుగా వచ్చి, "నేను కనబడ్తున్ననా?" అని అడిగింది.

"సగం."

"సగమే నయం. మొత్తం చూస్తె దడుసుకుంటవు."

నేను నవ్వాను. ఆ నవ్వులోనే ఏడ్చాను కూడా. మీకు చూసిపెట్టే మనుషులు చాలామంది ఉండవచ్చు. చూసింది చూసినట్టు చెప్పి, చెప్పాక పక్కన నిలబడే మనిషి దొరకడం కష్టం. నాకు దొరికింది. ఈ నాలుగు ముక్కలు ఇంత పెద్ద అక్షరాలతోనైనా నా చేత్తో రాసుకోగలుగుతున్నానంటే, అది ఆమె పెట్టిన భిక్షే.

ఇప్పుడు గోడ అవతల ఇల్లు ఉంది, మనుషులున్నారు, మాట మాత్రం లేదు. సాయంత్రం కాళ్లు కడిగిన నీళ్ల చప్పుడైతే ఇంకా అటే తిరుగుతాను. వండుకున్నది కొంచెమే అయినా మిగిలిపోతోంది. బాగుందని అబద్ధం చెప్పేవాళ్లు లేక వంట మీద మనసే పోయింది.

దినకర్మలు అయిపోయాక ఆమె కొడుకు తనంతట తనే వచ్చాడు. "పెన్ను నేను చూస్త అత్తమ్మా" అన్నాడు. బంగారం లాంటి పిల్లాడు, తల్లి పోయిన దుఃఖంలోనూ నన్ను మరవలేదు. వెలుతురుకు పట్టి చూసి, "పదహారు. పరేషాన్ గాకు" అన్నాడు. మర్నాడూ పదహారే. ఆ తరువాతా పదహారే. వలయం ఒకరోజు తొందరగా మెరుస్తోంది, ఒకరోజు గట్టిగా నొక్కితే గాని రావడం లేదు. అంకె మాత్రం కదలడం లేదు.

నిన్న నేను కంటి దగ్గర పెట్టుకోనే లేదు. ముల్లును సున్నాకు జరిపి, నొక్కని పెన్నును అలాగే అతని చేతికిచ్చాను. తలుపు దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ తిప్పి, వాళ్లమ్మలాగే కొంతసేపు చూశాడు.

"పదహారే అత్తమ్మా. మంచిగున్నది" అన్నాడు.

నాకు కోపం రాలేదు. వాళ్లమ్మ కోసం గుండె పగిలేలా ఏడవాలనిపించింది. "సరే బిడ్డా" అని పెన్ను తీసుకున్నాను. అతను వెళ్లిపోయాడు. బయట చినుకులు మొదలయ్యాయి. ఒడ్డున ఎవరో పడవలను పైకి లాగి కట్టేస్తున్నారు.