నీళ్ళ కార్డు

నా ఉద్యోగం పేరు బిహేవియర్ అనలిస్ట్. మా అమ్మకే ఇప్పటికీ నోరు తిరగదు. ఆటిజం ఉన్న పిల్లలు ఎందుకు అరుస్తున్నారో, ఎందుకు కొరుక్కుంటున్నారో కనిపెట్టి, అదే అవసరాన్ని ఇంకో దారిలో అడగడం నేర్పుతాను. పుదుచ్చేరిలో మాత్రం నేను అందరికీ టీచరమ్మనే. ఏదో ఒకటిలే అని ఊరుకున్నాను. పాత్రల అంగడి పెద్దాయన దగ్గర ఊరుకోలేకపోయాను.

తాతల కాలం నుంచీ బజారులో స్టీలు సామాన్లు అమ్ముతున్న తెలుగువాళ్ళు. ఆయన మనవరాలికి ఏడేళ్ళు. మాట లేదు. ఉన్నట్టుండి ఎడమ మణికట్టు కొరుక్కునేది. అక్కడి చర్మం మొద్దుబారి నల్లగా కాయ కాసింది. ఇంట్లో అందరూ మొండితనం అన్నారు. పక్కన కూర్చుని చూడగా చూడగా నాకు తెలిసింది, ఆ పిల్లకు దాహం.

నీళ్ళ గ్లాసు ఫోటోకి లామినేషన్ చేయించి ఆ పిల్ల గౌనుకు తగిలించాను. అది తీసి ఎవరి చేతిలో పెడితే వాళ్ళు వెంటనే నీళ్ళివ్వాలి. వెంటనే అంటే వెంటనే. మొదట్లో మేమే చేయి పట్టి కార్డు ఇప్పించేవాళ్ళం. పొయ్యిమీద పాలు పొంగుతున్నా సరే. తల్లి ఆ మాట తప్పలేదు. నెలలు గడిచాక ఒకరోజు పిల్ల తనంతట తనే వంటింట్లోకి వచ్చి కార్డు తల్లి చేతిలో పెట్టింది. "అడిగిందక్కా, నా బిడ్డ అడిగింది" అని ఆమె ఫోన్లో ఏడ్చింది. మురుంగపాక్కంలో రోడ్డు పక్కన స్కూటర్ ఆపి నేనూ ఏడ్చాను.

ఎండాకాలం సెలవుల్లో తల్లికి ఇంటిపని తెమలక, మధ్యాహ్నాలు పిల్లను అంగట్లో తాత దగ్గర కూర్చోబెట్టారు. కత్తిరి ఎండల్లో నేను వెళ్ళేసరికి, కార్డు అలవాటయ్యాక మానిన మణికట్టు మళ్ళీ పచ్చిపుండై ఉంది.

కారణం నా కళ్ళముందే జరిగింది. పిల్ల కార్డు తీసి తాత చేతిలో పెట్టింది. ఆయన నీళ్ళ చెంబు దాని నోటిదాకా తెచ్చాడు. పిల్ల చేయి చాచగానే వెనక్కి లాగేశాడు. "ఇస్తానా? ఇయ్యనే." మళ్ళీ చాపాడు, మళ్ళీ లాగాడు. సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. పిల్ల మణికట్టు కొరుక్కుంది. అప్పుడిచ్చాడు నీళ్ళు.

ఈ ఆట ఆడని ఇల్లు మనవాళ్ళలో లేదు. మురుకు చూపించి లాగేస్తారు, బొమ్మ చూపించి లాగేస్తారు. మిగతా పిల్లలు పెద్దవాళ్ళ మొహంలో నవ్వు చూసి ఆట అని పోల్చుకుంటారు, ఏడుస్తారు, లాక్కుంటారు. నేనూ అట్లా పెరిగినదాన్నే. ఈ పిల్లకు ఆ నవ్వు అర్థం కాదు. అర్థమైంది ఒక్కటే: కార్డు ఇస్తే నీళ్ళు రావు, చేయి కొరుక్కుంటే వస్తాయి. మా కష్టమంతా గంగలో కలిసింది.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

"ఏంది పెదనాయనా మీరు చేసే పని?"

"సుమ్మా, ఊరికే ఆడిస్తా ఉండానమ్మా. నా మనవరాలితో నేను ఆడుకోకూడదా?"

"మీకు ఆట. దానికి దాహం."

"కడైసిలో ఇస్తానే ఉండాను గదా."

"ఆఖర్న, అదీ కొరుక్కున్నాక ఇస్తున్నారు."

ఆయన బేరగాళ్ళ వైపు తిరిగాడు. "నాలుగు బొమ్మలు చూపించేదానికి ఎంత పొగరో చూడండి. మా వాణ్ణి ఇట్లనే పెంచినా. వాడేమన్నా చెడిపోయినాడా?"

ఆ 'వాడు', అంటే పిల్ల తండ్రి, కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి.

"మిమ్మల్ని ఏదైనా అడగడం మానేశాడు కదా" అన్నాను.

కొడుకు తల దించుకున్నాడు. ఇంక రావద్దని పెద్దాయన నాకు చెప్పేశాడు.

ఎండలు తగ్గాక తల్లే ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూడమంది. అంగట్లో అడుగుపెట్టగానే పెద్దాయన నవ్వుతూ పలకరించాడు. ఆయనకు నామీద పగేమీ లేదు, గెలిచాడు కదా.

"రామ్మా, చూడు. ఇప్పుడు అడిగేదే లేదు. కొరికినా ఇయ్యొద్దని అందరికీ చెప్పేసినా. అదీ మానుకునింది. బుద్ధి వచ్చేసిండాది."

నిజమే, మణికట్టు మానింది. అడిగినా, ఏడ్చినా, కొరుక్కున్నా ఏమీ రాకపోతే ఎవరైనా అన్నీ మానుకుంటారు. మా చదువులో మొదటి పాఠం అదే. ఆ ముసలాయన ఏమీ చదవకుండానే దాన్ని పసిదానిమీద పూర్తిగా అమలు చేశాడు. ఆయన చెంప పగలగొట్టాలనిపించింది.

పిల్ల బిందెల మధ్య కూర్చుని ఉంది. పెదవులు ఎండి పగిలాయి. గౌనుకు కార్డు లేదు. నేను చెంబులో నీళ్ళు పోసి చాపాను. పిల్ల చెంబుకేసి చూసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"ఇప్పుడు ఎవురిచ్చినా అంతే అక్కా" అంది నా వెనకే అంగట్లోకి వచ్చిన తల్లి. "కింద పెట్టేసి అవతలికి తిరుక్కోవాల."

నేలమీద పెట్టి అటు తిరిగాను. ఎదురుగా ఉన్న పెద్ద బిందె మెరుపులో పిల్ల కనిపిస్తూనే ఉంది. అందరి చేతులూ ఒకసారి చూసింది. చెంబు అందుకుని, గోడవైపు తిరిగి, గటగటా తాగింది.

వెనకాల పెద్దాయన ఎవరితోనో చెబుతున్నాడు. "మా పాప బంగారం. ఏమీ అడగదు."