వసుధ వాయిస్ మెసేజ్‌లో వినబడిన అధ్యాయం

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఖమ్మంలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాను. కాగితం మీద ఆధారం చూపించనిదే ఎవరి మాటా ఒప్పుకోను. అందుకే ఇది చెబితే నన్ను చూసి నవ్వుతారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఊళ్లోనే ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఆదివారాలు కొందరు పుస్తకాల పిచ్చివాళ్లం కూర్చునేవాళ్లం. ఏ నవల మొదటి ముద్రణకు ఏ అట్ట, ఏ ప్రతిలో పేజీలు తలకిందులుగా కుట్టారు, ఎవరు ఏ ముద్రణలో ముగింపు మార్చేశారు... టీ చల్లారిపోయేదాకా ఇవే మాటలు. భద్రాచలం నుంచి వసుధ కూడా వచ్చేది. స్కూల్లో టీచరు. నన్ను అక్కా అని పిలిచేది. సొంత చెల్లెలితో కూడా నాకంత చనువు లేదు.

మా అమ్మ సంతకం చేసి ఇచ్చిన పాత నవల ఒకటి నా దగ్గరుంది. మొదటి ముద్రణ. తర్వాతి ముద్రణల్లో చివరి అధ్యాయం తీసేశారు. మాకు తెలిసినంతలో ఆ అధ్యాయం ఉన్న ప్రతి నాదొక్కటే. వసుధ తండ్రి మంచం పట్టినప్పుడు, వయసులో ఉన్నప్పుడు చదివిన ఆ ముగింపు మళ్లీ వినాలని ఉందన్నారట. ఇచ్చాను. ఆ పుస్తకాన్ని గడప దాటించడం అదే మొదటిసారి.

కొన్నాళ్లకు ఆయన పోయారు. ఆ వానాకాలమే గోదావరి పొంగి వాళ్ల వీధిలోకి నీళ్లొచ్చాయి. వసుధ ఫోన్లో ఏడ్చింది.

"నీ పుస్తకం నీళ్లల్ల పోయిందక్కా. నీ మొఖం ఎట్ల చూడాలె?"

నేనే ఓదార్చాను. ఆదివారాలు కూర్చునేవాళ్లమంతా కలిసి ఆమెకు ఒక పెట్టెడు పుస్తకాలు పంపాం కూడా.

అవి అందాయని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటూ స్పీకర్లో పెట్టి విన్నాను. ఆమె మాటల వెనకాల ఎవరో పెద్దాయన ఏదో చదువుతున్నారు. మెల్లగా, మధ్యలో దగ్గుతూ. రెండు వాక్యాలు వినేసరికి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది ఆ చివరి అధ్యాయం. నాకు కంఠతా వచ్చు.

మా ఆయన కూడా విన్నాడు. "ఎవరాయన? మంచిగ చదువుతున్నడు," అన్నాడు.

పుస్తకం వాళ్లింట్లోనే ఉంది, ఎవరో చుట్టాలు చదువుతున్నారు అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. మెసేజ్ మళ్లీ వినలేదు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. పాల్వంచ దాటి అడవి వచ్చినా కిటికీ వైపు తల తిప్పలేదు. పొరపాటు నాదే అయితే బాగుండునని దారంతా అనుకున్నాను.

బడి వదిలే వేళ దాటాక చేరాను. తలుపు తీసింది వసుధే. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"నా పుస్తకం ఎవరు చదువుతున్నరు వసుధా?"

తెల్లబోయింది. మెసేజ్ పెట్టి వినిపించాను. ఆమె మాటలు, ఫ్యాను చప్పుడు, అంతే. మళ్లీ పెట్టాను. అంతే. ఆమె ఫోన్లోనూ అంతే.

విన్న వాక్యాలు అప్పజెప్పి, ఆయన ఎక్కడ ఆగారో, ఎక్కడ దగ్గారో చెప్పాను. వసుధ లోపలికి వెళ్లి, బీరువాలో చీరల కింద నుంచి పుస్తకం తీసి నా ముందు పెట్టింది. తడి మరక కూడా లేదు. అమ్మ సంతకం ఉన్న పేజీ మాత్రం బ్లేడుతో నీటుగా కోసేసి ఉంది.

"ఇదెందుకు కోసినవ్?"

వసుధ ఆ మాట వదిలేసి నా ఫోన్ వైపు చూసింది.

"నాన్నకు చూపు పోయిందక్కా. నేనే చదివి వినిపించిన. ఆయన చదువుడేంది?" అంది. మళ్లీ తనే, "దగ్గు ఎక్కువ ఉండెనా?" అని అడిగింది.

పుస్తకం తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడదు. తాను విన్నమాట నిజమేనని మా ఆయన ఈరోజుకీ అంటాడు. ఇద్దరం ఒకేసారి ఎలా పొరబడతాం? ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు.

వసుధ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కోసేసిన పేజీ మాట ఎత్తదు. "మళ్ల వినబడ్డదా అక్కా?" అంటుంది.

నేను ఫోన్ పెట్టేస్తాను.