మెన్నన్నాయుడు, తండ్రి సంగమయ్య

మా డివిజనులో రీసర్వే మొదలైన వేసవిలో నన్ను నాగావళికి అవతల ఒక చిన్న పట్నానికి మండల సర్వేయరుగా వేశారు. రిటైర్మెంటుకు అప్పటికి పదకొండు నెలలే ఉంది. ఆ వయసులో బదిలీ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, నాకూ మండింది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికీ క్రిస్మసుకు మా ఇంటికి అరిసెలు పంపుతారు, వాళ్లను వీధిలో పెట్టడం నాకిష్టం లేదు.

రీసర్వే అంటే డ్రోను ఎగరేయడమే అనుకుంటారు చాలామంది. డ్రోను పని ఒక పూట. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. పట్టాదారుకు నోటీసిచ్చి సంతకం తీసుకోవాలి. అతన్ని గట్టు మీద నిలబెట్టి, రోవర్ అనే యంత్రంతో హద్దు పాయింట్లు పట్టాలి. నోటీసు అందుకునే మనిషే లేకపోతే హద్దు కొలవొచ్చు గానీ హక్కు రాయలేం.

నలభై సెంట్ల ముక్క ఒకటి అలాగే అడ్డం పడింది. అడంగల్లో పట్టాదారు మెన్నన్నాయుడు, తండ్రి సంగమయ్య. మా వైపు అప్పలనాయుళ్లు, చిన్నన్నాయుళ్లు వీధికి నలుగురుంటారు కాబట్టి ఆ పేరు మీద ఎవరికీ అనుమానం రాలేదు. వీఆర్వో మూడుసార్లు తిరిగి నోటీసు వెనక్కి తెచ్చాడు. మనిషీ లేడు, వారసులూ లేరన్నాడు. అలాంటి భూమి చివరికి ప్రభుత్వ ఖాతాలోకి పోతుంది. ఊళ్లో గోదాము కట్టడానికి స్థలం కూడా వెతుకుతున్నారు.

తీరా వెళ్లి చూస్తే అది ఖాళీ స్థలం కాదు. పెంకుల కప్పు ప్రార్థన మందిరం, దాని వెనక సమాధులు. తాళం తీసినతను దావీదు మేస్త్రి. వారమంతా తాపీ పని చేస్తాడు, ఆదివారం ఆ సంఘానికి పెద్ద. వాళ్ల తాతలు కాలువ తవ్వడానికి పాలమూరు నుంచి వచ్చిన మట్టిపనివాళ్లట. కాలువ పూర్తయ్యాక గుంపంతా వెళ్లిపోతే ఏడు కుటుంబాలు ఇక్కడే ఆగిపోయాయి. పాలమూరులో తాము చేరిన మెన్నోనైటు అనే క్రైస్తవ సంఘాన్ని ఇక్కడా నిలబెట్టుకున్నాయి. ఇప్పుడు వాళ్ల మాటంతా శ్రీకాకుళం మాటే. పాటలు పాడేటప్పుడు మాత్రం పాలమూరు యాస వినిపిస్తుంది.

వెనక ఒకచోట మట్టి ఇంకా పచ్చిగా ఉంది. “మా అమ్మ బాబూ, నెల కానేదు. గోదామొస్తే ఈళ్లనందర్నీ ఏటి సేత్తారు?” అని దావీదు అడిగాడు. నేను ఫీల్డు బుక్కు తీసి ‘ఆక్రమణలో ప్రార్థన మందిరం’ అని రాసుకున్నాను. కాగితం అలా చెప్పింది మరి.

బయటికి వస్తుంటే పక్క చేను రైతు అప్పలనాయుడు గట్టు మీద నుంచి పలకరించాడు.

“మెన్నన్నాయుడు గుడి కాడ పనయిపోనాదా బాబూ?”

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. మెన్నన్నాయుడెవరని అడిగితే పకపకా నవ్వాడు. “ఎవులేటి? ఆళ్లే. ఆళ్ల సంగం పేరే అది.”

అప్పుడు తట్టింది. వెనకటి కరణానికి ‘మెన్నోనైటు సంఘం’ అన్న మాట నోరు తిరగలేదు, చెవికీ ఎక్కలేదు. నోటికి అలవాటైన పేరు రాసుకున్నాడు. నైటు నాయుడైపోయాడు. మిగిలిపోయిన సంఘాన్ని తండ్రి పేరు గడిలో కూర్చోబెట్టాడు. మా వీఆర్వో పొరుగు జిల్లావాడు. ఊరంతా మనిషి కోసం వాకబు చేశాడు గానీ గుడి గురించి అడగలేదు.

సంఘం దస్తావేజు వరదలో పోయింది. నకలు కోసం దావీదు రెండుసార్లు రిజిస్ట్రారాఫీసుకు వెళ్లి ఉత్తచేతులతో వచ్చాడు. సరైన పేరుతో వెతికించాడు పాపం! దస్తావేజు రాసిందీ ఆ కరణమే అయ్యుంటాడని, తప్పు పేరుతో వెతికించమన్నాను. ఒక్క పూటలో దొరికింది. అమ్మినవాడు అప్పలనాయుడి తాత, కొన్నవాడు మెన్నన్నాయుడు, కొన్నది ‘ప్రార్థనకును, మట్టి చేసుకొనుటకును’. వేలిముద్ర మాత్రం దావీదు తాతది.

తహసీల్దారు గారు విచారణ పెట్టి, అమ్మినవాడి మనవడని అప్పలనాయుణ్ణీ పిలిపించారు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకున్న ఆవిడ, కామా కూడా వదలరు. అసలు మెన్నన్నాయుడనే మనిషే లేడని సంఘ పెద్ద ప్రమాణపత్రం ఇవ్వాలన్నారు. టైపు చేయించి చేతికిస్తే, ‘దేవుని ఎదుట ప్రమాణము చేసి’ అన్నచోట దావీదు వేలు ఆగిపోయింది.

“ఒట్టెట్టను బాబూ. అవునంటే అవును, కాదంటే కాదు. తాతల కాడ్నించీ మా సంగంలో అదే.”

నాకు మళ్లీ ఒళ్లు మండింది. తల్లి సమాధి పోయేలా ఉంటే ఈ పట్టింపేమిటయ్యా అని కసిరాను. ప్రమాణానికి బదులు ‘ఇది నిజం’ అనే ధ్రువీకరణ చాలని చట్టంలోనే ఉందట. అంత సర్వీసులో నాకా సంగతి తెలియదు. తహసీల్దారు గారు ఆ చట్టం పుస్తకం కోసం చెయ్యి చాపేలోపు అప్పలనాయుడు లేచాడు. ‘మెన్నన్నాయుడు మా చినతాత’ అని ఒక్క ముక్క అంటే ఆ నలభై సెంట్లకూ హక్కుదారు తనే అయ్యేవాడు. అలా అనమని ఇంట్లోవాళ్లు పోరుతున్నారని నా చెవినా పడింది.

“ఆడికి ఒట్టు కూడదంటే ఆడి బదులు నానెడతాను, నాకే అడ్డూ నేదు. మా తాత ఈళ్ల తాతకి అమ్మీసినాడు. మెన్నన్నాయుడూ నేడు, గిన్నన్నాయుడూ నేడు!”

గదిలో అందరూ నవ్వారు. అప్పలనాయుడి ప్రమాణం, దావీదు ధ్రువీకరణ రెండూ ఫైలుకెక్కాయి.

పేరు మార్చే రోజు ఇంకో చిక్కు. తండ్రి పేరు గడి నింపనిదే ట్యాబు ముందుకు కదలదు. ఏం రాయమంటావని దావీదునే అడిగాను. “మా తండ్రి పరలోకంలో ఉన్నాడు బాబూ, ఆధార్ కార్డు నేదు” అన్నాడు. అక్కడ గీత పెట్టే వీలుందని మర్నాడు తెలిసింది.

ఫీల్డు బుక్కులో రాసినదాన్ని చెరపకూడదు. కనబడేలా ఒక గీత కొట్టి పొట్టి సంతకం పెట్టాలి. ‘ఆక్రమణ’ అన్న మాట మీద గీత కొట్టి సంతకం చేశాను. సర్వీసులో నేను సంతోషంగా కొట్టిన గీత అదొక్కటే. ఊరివాళ్లు మాత్రం దాన్నింకా మెన్నన్నాయుడు గుడి అనే అంటారు, ఆటోవాళ్లతో సహా.

కొలతలో తేడా వస్తే గొలుసు వేసి సరిచూస్తాం. పేరులో తేడా వస్తే ఊళ్లోవాళ్లు ఎలా పలుకుతారో వినాలి. ఈ రెండో పని నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. దావీదు తల్లి సమాధి మీద గోదాము లేచేదాకా వచ్చాక నేర్చుకున్నాను.