తాత పెట్టని లడ్డు

నిన్న బోయిన్‌పల్లిల మా గల్లీల పెండ్లి బరాత్‌కు పటాకులు కాల్చిన్రు. ఆ మందు వాసనకు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

మా తాత లడాయి కాలంల సముద్రం ఒడ్డున కోటల ఫిరంగి పేల్చేటోడు. నా చిన్నప్పుడు దీపావళికి బాంబు అంటుకోంగనే "నోరు తెరువు బిడ్డా!" అని అరిచేటోడు. లడ్డు పెడ్తడని తెరిచేదాన్ని. ఆయన సుత నోరు తెరిచి నిలబడేటోడు. బాంబు పేలేది, లడ్డు మాత్రం రాకపోయేది.

"తాత మోసం చేస్తుండు!" అని ఒకసారి ఏడ్చిన.

నాయినమ్మ నవ్వింది. "పిచ్చిదానా, నోరు తెరిస్తే చప్పుడుకు చెవులు పోవు. కోటల ఆయనకు ఆ సంగతి తెలిసేసరికే ఒక చెవి పాయె. నీ చెవులన్న మంచిగుండాలెనని అరుస్తడు."

ఇయ్యాల నా మనవరాలు వంటింట్ల గుసగుసలాడినా నాకు ఇనొస్తది. నీ లడ్డు నాకు ముట్టింది తాతా.