నిమ్మకాయ తొక్కని బండి

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఉన్న నమ్మకం ఎంతో తెలియదు గానీ, ఆ నమ్మకాన్ని ఇంట్లో నెగ్గించుకోవాలన్న పంతం మాత్రం నిండా ఉండేది. కోయంబత్తూరు హాస్టల్లో చదువుకునేటప్పుడు ప్రభువును నమ్ముకుని ఉడుమలైపేటకు తిరిగి వచ్చాను. మాది తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ పెరుమాళ్లకు మొక్కే ఇల్లు. నాయనకు ఎరువుల షాపు. విషయం చెబితే ఆయన అరవలేదు, తలుపు చూపించలేదు. "ఆదివారం చర్చికి పో. వచ్చినాక ఇడ్లీకి పిండి రుబ్బు" అన్నాడు. (విశ్వాసం కోసం హింసలు పడదామని సిద్ధపడి వచ్చినదాన్ని, నాకది పెద్ద నిరాశ.)

ఊరి బయట కొబ్బరి పీచు మిల్లులో నాకు ఆఫీసు పని దొరికింది. ఆ దారిలో బస్సు వచ్చినప్పుడే వస్తుంది కాబట్టి ఒక మోపెడ్ కొనుక్కున్నాను. అది ఇంటి ముందుకు రాగానే నాయన కర్పూరం, కుంకుమ, రెండు నిమ్మకాయలతో ఎదురొచ్చాడు. మా వైపు కొత్త బండి ఏదైనా చక్రాల కింద నిమ్మకాయలు నలగ్గొట్టాకే రోడ్డెక్కుతుంది. నేను ప్రార్థన చేసుకున్నాననీ, నిమ్మకాయ మీద ఎక్కించననీ చెప్పాను. "నిమ్మకాయకి ఏం మతం ఉండాదమ్మా?" అన్నాడు నాయన. ఎక్కించనంటే ఎక్కించనన్నాను. వీధి వీధంతా చూస్తోంది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ నిమ్మకాయలు తీసుకుని రసంలోకి పిండడానికి లోపలికి పోయింది.

వారం తిరగకముందే బండి మొరాయించడం మొదలుపెట్టింది. సరిగ్గా పళని రోడ్డు టీ కొట్టు ముందుకొచ్చేసరికి దగ్గి, తుమ్మి, నిలిచిపోయేది. "ఎన్నమ్మా, పూజై పోడలియా?" అని కొట్టాయన రోజూ అడిగేవాడు. పూజ చేయలేదా అని ఊరంతా అడిగే ప్రశ్నే అది, ఆయన తమిళంలో అడిగేవాడు, అంతే. నేను హ్యాండిల్ మీద చేయి పెట్టి, "ప్రభువా, ఎర్రసముద్రాన్ని చీల్చినవాడివి, ఈ కార్బొరేటరు నీకొక లెక్కా" అని గట్టిగానే ప్రార్థించేదాన్ని, ఆయన వినాలని. (కొట్టాయన. దేవుడు ఎలాగూ వింటాడు.) మెకానిక్కు ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలులో నీళ్లున్నాయని చూపించాడు. బంకు వాళ్లను తిట్టుకుని వేరే బంకులో పోయించాను. నాలుగు రోజులు తిరగకుండా మళ్లీ అదే టీ కొట్టు, అదే ప్రశ్న. చివరికి నాయన తేల్చేశాడు. "ఇంకొక తడవ నిలిచిందంటే బండి అమ్మేస్తా. మిల్లూ వద్దు గిల్లూ వద్దు, షాపులో కూచో." ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, నా దేవుడు ఓడిపోయాడని వీధంతా అనుకుంటుందన్న మంట ఇంకోవైపు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

మర్నాడు తెల్లవారుతూనే ప్రార్థనకు లేస్తే వాకిట్లో ఏదో చప్పుడైంది. చూస్తే అవ్వ. మోపెడ్ ట్యాంకు మూత తీసి, రాగి చెంబులోంచి స్పూనుతో లోపలికి పోస్తోంది.

"ఏంది అవ్వా పోస్తుండావు?"

"కోయిల్ తీర్థం కన్నూ. దినామూ రెండు స్పూన్లే."

గుడి తీర్థమని వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. "నీ తీర్థమే బండిని ఆపుతుండాది. నా ఉద్యోగం పోగొడతావా నువ్వు?"

అవ్వ మూత తాపీగా బిగించింది. "ఆపితే ఆపనీ. నిలిచిపోయిన బండి లారీ కింద పడదు గదా."

నాయనను కేకేసి చెంబు చూపించాను. ఆయన చెంబు చూశాడు, తల్లిని చూశాడు, "సరి, బండి ఉండనీ" అని మొహం కడుక్కోవడానికి పోయాడు. నేను గెలిచాను. కానీ పండగ చేసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరయ్య నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. బండి కోసం ప్రార్థించమని ఆయన్ను అడిగింది నేనే. కథంతా ముందే విన్నాడు కాబట్టి, ఏ దేవుడు ఆపాడో ఏ దేవుడు నడిపాడో సభకు చెప్పమని మైకు చేతికిచ్చాడు. అందరూ అల్లెలూయాకు సిద్ధంగా ఉన్నారు. నాకు ఇంట్లో వచ్చిన పంతమే అక్కడా వచ్చింది. "బండిని ఏ దేవుడూ ఆపలేదయ్యా, నీళ్లు ఆపాయి. నేను బండి కోసం ప్రార్థించాను. ఆ నీళ్లు పోసినామె నాకోసం ప్రార్థించింది. ఆమెను ఎవరూ ఏమీ అనకూడదు" అని మైకు తిరిగి ఇచ్చేశాను. ఒక్కరూ అల్లెలూయా అనలేదు. పాస్టరయ్య దగ్గి, పాట నంబరు చెప్పాడు.

ఆ సాయంత్రం మోకరించి మొదటిసారి అవ్వ పేరు ఎత్తి ప్రార్థించాను. కళ్లు తెరిస్తే పక్కనే కూర్చుని ఉంది.

"నా పేరు చెప్పినావా?"

"చెప్పినా."

"మోకాలి నొప్పి చెప్పు. ఎడమది. నీ సామికి తెలుగు వస్తాదో రాదో, అరవంలో ఇంకో తడవ చెప్పు."

ఇంత పంతం పట్టిన పిల్లను నేను, మళ్లీ కళ్లు మూసుకుని అరవంలో కూడా చెప్పాను.